నాలుగోసారి చెయ్యాలా, ఇక్కడితో ఆపెయ్యాలా? చెరువు ఆక్సిజన్ మిషన్ గురించి సలహా కావాలి

ఉండి_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది ఉండి పక్కన పల్లెటూరు. నాన్న అయిదెకరాల్లో వనామీ రొయ్యలు వేస్తారు, అందులో మూడెకరాలు కౌలు. మూడేళ్ల క్రితం ఆగస్టులో ముసురు పట్టి రెండు రోజులు ఎండ లేదు, మూడో రోజు తెల్లవారుజామున కరెంటు పోయి నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగిపోయాయి, కాపలా అబ్బాయికి నిద్ర పట్టేసింది, జనరేటర్ వేసేసరికి గట్టు పొడవునా రొయ్యలు తేలిపోయాయి. ఇంకో పాతిక రోజుల్లో పట్టుబడి చేయాల్సిన చెరువు అది. ఆ పొద్దున్న నాన్న గట్టు మీద కూర్చుండిపోయిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. తర్వాత ఏడాదికి హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చేశాను.

నేను చేద్దామనుకున్నది ఒకటే. ఎప్పుడూ నీళ్లలోనే ఉండి, డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగగానే రైతుకు ఫోన్ చేసే మిషన్, అదీ అయిదెకరాల రైతు కొనగలిగే ధరలో. చేత్తో పట్టుకుని చూసే మీటర్లు చాలామంది దగ్గర ఉన్నాయి. నెలల తరబడి చెరువులో వదిలేసినా నిజం చెప్పేవి మాత్రం బాగా ఖరీదు. చవగ్గా కుదరదని నాకు తెలిసిన ఇంజనీర్లందరూ ముందే చెప్పారు.

ఇప్పటికి మూడుసార్లు చేశాను. మొదటిది నలభై రోజులకే లోపలికి ఉప్పు తేమ చేరి బోర్డు మీద చిలుము పట్టి చచ్చిపోయింది. రెండోదానికి డబ్బా గట్టిగా చేయించాను, కానీ సెన్సర్ మీద పాకుడు పట్టి ఉన్నదానికంటే తక్కువ చూపించేది, రాత్రికి నాలుగుసార్లు ఫోన్, వారానికే నాన్న దాన్ని ఆపేయించారు. మూడోది మా బాబాయి చెరువులో పెట్టాం. రెండు నెలలు బాగా పనిచేసింది. ఒక రాత్రి కరెంటు పోయింది, మిషన్ సరిగ్గానే పసిగట్టింది, కానీ కరెంటుతో పాటు సెల్ టవర్ కూడా పోవడంతో ఫోన్ వెళ్లలేదు. అదృష్టం బాగుండి బాబాయి చెరువు గట్టు మీది మకాంలోనే పడుకున్నాడు కాబట్టి చెరువు దక్కింది.

దాచుకున్న ఆరు లక్షలు అయిపోయాయి. అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయి. నాన్న ఇక చాలంటున్నారు. ఫ్రెండ్స్ మాత్రం రోజూ ఇలాన్ మస్క్ వీడియోలు పంపుతున్నారు, మూడు రాకెట్లు పోయినా నాలుగోది ఎగిరింది, పట్టుదల ఉంటే అసాధ్యం లేదు అని. నిజంగా అంతేనా? అయితే ఎక్కడ ఆపాలో మనిషికి ఎలా తెలుస్తుంది? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు, సూటిగా చెప్పండి.

నరసాపురం_నుంచి:

తమ్ముడూ, నేను మెషిన్ డిజైన్‌లో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. ఆ వీడియోల్లో వదిలేసే సంగతులే నీకు పనికొస్తాయి, కాస్త ఓపిగ్గా చదువు.

మస్క్ కంపెనీ స్పేస్ఎక్స్ మొదటి రాకెట్ ఫాల్కన్ 1. పసిఫిక్ మహాసముద్రంలో క్వాజలీన్ దీవుల నుంచి 2006 మార్చిలో వదిలారు. అర నిమిషం దాటగానే ఇంజన్ ఆగి కూలిపోయింది. అందులో పెట్టిన ఉపగ్రహం అదే దీవిలో ఒక షెడ్డు కప్పు చీల్చుకుని పడింది. మొదట ఎవరో టెక్నీషియన్ నట్టు సరిగ్గా బిగించలేదనుకున్నారు. తీరా చూస్తే ఇంధనం పైపు మీది అల్యూమినియం నట్టును సముద్రపు ఉప్పుగాలి తినేసి అది చిట్లింది, ఇంధనం కారి మంటలు లేచాయి. తర్వాత వాటి బదులు స్టీలు నట్లు వేశారు. నీ మొదటి మిషన్‌ను చంపిందీ ఆ ఉప్పే కదా!

2007 మార్చిలో రెండోది. ఈసారి మొదటి దశ బాగానే పనిచేసింది, పైదశలో ఇంధనం బిందెలో నీళ్లలా తొణికి, ఆ ఊపు పెరిగి పెరిగి రాకెట్ అదుపు తప్పింది. 2008 ఆగస్టు 3న మూడోది. కింది దశ ఇంజన్ ఆపేసిన తర్వాత కూడా కొద్దిగా తోపు మిగిలి ఉండి, విడిపోయిన ముక్క వెనక నుంచి వచ్చి పైముక్కను గుద్దేసింది. దీనికి చేసిన మార్పు ఏమిటో తెలుసా? ఇంజన్ ఆపడానికీ ముక్కలు విడదీయడానికీ మధ్య ఇంకొన్ని సెకన్లు ఆగడం, అంతే. అందుకే ఎనిమిది వారాల్లో, అదే సంవత్సరం సెప్టెంబర్ 28న, నాలుగోది వదలగలిగారు. దాన్ని విమానంలో తెస్తుంటే ట్యాంకు సొట్టలు పడింది, దీవి మీదే బాగు చేసి ఎగరేశారు. అది కక్ష్యలోకి వెళ్లింది.

మూడుసార్లు పోవడంలో గొప్పేమీ లేదు. మూడుసార్లూ మూడు వేరే కారణాలతో పోయింది, అసలు విషయం అది. నీ మూడూ రాసుకుని చూడు: తేమ, పాకుడు, టవర్. ఒకటి రెండోసారి రాలేదు. ఒకే తప్పు మూడుసార్లు వచ్చి ఉంటే ఆపెయ్యమనే చెప్పేవాణ్ణి.

మొగల్తూరు_రైతు:

పైన తమ్ముడు బాగా చెప్పాడండి, కానీ నాకో అభ్యంతరం ఉంది. తన పేపాల్ కంపెనీ అమ్మగా వచ్చిన డబ్బులో దాదాపు పది కోట్ల డాలర్లు ఆ రాకెట్ల మీద పెట్టాడు మస్క్. 2008లో టెస్లా కూడా మునిగే స్థితికి వచ్చిందంటారు, నిజమే, అయినా ఆయన వెనక ఉన్నది అమ్మ గాజులు కాదు. పైగా ఆయన చెప్పినవన్నీ జరగలేదు కూడా. 2022కి మార్స్ మీదికి సామాను, 2024కి మనుషులు అని 2017లో అన్నాడు, ఆ రెండు సంవత్సరాలూ గడిచిపోయాయి. జరిగినవి మాత్రం మామూలువి కాదు, 2015 డిసెంబర్‌లో పైకి వెళ్లిన రాకెట్ మొదటి దశను తిరిగి నిలువునా దించారు, 2017లో వాడిన దాన్నే మళ్లీ ఎగరేశారు. రెండూ కలిపి చూడాలండి.

ఇక చెరువు సంగతి. బాబూ, నువ్వు ఫోన్‌ను పట్టుకుని కూర్చున్నావు. మాకు ఫోన్ ఎందుకు? నేను ఇంట్లో ఉంటే ఫోన్ వచ్చాక బండి తీసి చెరువుకు చేరేసరికి ఎంత సేపు? జనరేటర్ వేసేవాడు మకాంలో ఉంటాడు, వాడు లేవాలి. మా చెరువు మీద కరెంటు పోయిన మరుక్షణం మోగే సైరన్ ఉంది, ఎలక్ట్రీషియన్‌తో రిలే పెట్టించి బ్యాటరీకి కలిపించాను, నాలుగేళ్లుగా అదే మమ్మల్ని కాపాడుతోంది. అది చెప్పలేనిది ఒకటుంది: కరెంటు ఉండి, ఏరేటర్లు తిరుగుతూ ఉండి కూడా ఆక్సిజన్ పడిపోవడం. నీళ్లలో తేలే కంటికి కనపడని నాచు, అదే ప్లాంక్టన్, ఒక్కసారిగా చచ్చినప్పుడు, మేత ఎక్కువై అడుగు పాడైనప్పుడు అలా అవుతుంది. నీ మిషన్ అది పట్టుకుని అక్కడికక్కడే సైరన్ మోగిస్తే చాలు, ఫోన్ తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. ఆరితేరని వస్తువును బాబాయి చెరువులో పెట్టి అతన్ని దాని మీద ఆధారపడనివ్వడం తప్పు. మిషన్ ఉంది కదా అని రైతు ఒక్క రాత్రి టార్చి వేసి గట్టు చుట్టూ తిరగడం మానేసినా ఆ పాపం మనదే అవుతుంది.

ఉండి_కుర్రాడు:

కోపం ఏమీ లేదండి, ఆ రాత్రి తలుచుకుంటే నాకే కాళ్లు వణుకుతాయి. సైరన్ సంగతి నాకు తట్టనే లేదు, ఫోన్ యాప్ బాగుండాలని దాని మీదే ఆరు నెలలు పెట్టాను. కానీ రెండో మిషన్ దొంగ అలారాలన్నీ పాకుడు వల్లేనా అని నాకింకా అనుమానంగా ఉంది, కడిగి పెట్టిన రోజు కూడా రెండుసార్లు మోగింది.

భీమవరం_నీళ్ల_ల్యాబ్:

నమస్తే అండి, నేను నీటి పరీక్షల ల్యాబ్ నడుపుతాను. మీ రెండో మిషన్‌లో పెట్టింది పొర ఉన్న సెన్సరా, కాంతితో చూసేదా? పొర ఉన్నదైతే అది కొలిచేటప్పుడు తన చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను తానే కొంచెం వాడుకుంటుంది. నీళ్లు కదులుతూ ఉండాలి, ఏరేటర్ ఆగి నీళ్లు నిలిచిపోతే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మీరు కడిగిన రోజున కూడా మోగిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. కాంతితో చూసే సెన్సర్‌కు ఆ ఇబ్బంది లేదు, పాకుడు మాత్రం దానికీ పడుతుంది, గంటకోసారి తుడిచే చిన్న బ్రష్ పెట్టుకోవాలి.

ఉప్పుదనం లెక్క కలిపారా? 30 డిగ్రీల మంచినీళ్లు గాలి నుంచి పట్టుకోగలిగే ఆక్సిజన్ లీటరుకు 7.5 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. అదే వేడిలో ఉప్పు 20 పీపీటీ (వెయ్యి పాళ్లకు 20) ఉంటే 7 కంటే దిగిపోతుంది. మంచినీళ్ల లెక్క వేసిన మిషన్‌ను ఉప్పునీళ్లలో పెడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. దొంగ అలారం కంటే ఇదే ప్రమాదం, మోగాల్సినప్పుడు మోగదు. మధ్యాహ్నం ఎండలో ప్లాంక్టన్ వల్ల ఆక్సిజన్ 10 కూడా దాటుతుంది కాబట్టి పగలు చూసి సరిగ్గా ఉందని అనుకోకండి, తెల్లవారుజామున 3 నుంచి 5 లోపు అంకెలే అసలు పరీక్ష.

ఆ వేళకు మీ మిషన్ అంకె రాసుకుని, అదే చోట నీళ్లు సీసాలో పట్టి తీసుకురండి. నేను వింక్లర్ పద్ధతిలో, అంటే రసాయనాలతో కొలిచి, అసలు అంకె చెబుతాను, డబ్బులేమీ వద్దు. పదిహేను రోజులు పోల్చి చూస్తే మీ నాలుగో మిషన్ దేనికోసం చెయ్యాలో ఆ కాగితమే చెబుతుంది. అప్పటిదాకా కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకండి. ఈ మాట ల్యాబ్ మనిషిగా కాదు, ఇంటి లెక్కలు చూసే ఆడమనిషిగా చెబుతున్నాను. అమ్మగారిని కూర్చోబెట్టి, ఇంకెంత వరకు పెడతానో ముందే ఆవిడతో చెప్పెయ్యండి.

లాకుల_దగ్గర_ఇల్లు:

ఆయ్, నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. కాటన్ దొరగారి ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఇసుక మీద, అంత వెడల్పు నది అడ్డంగా కట్టడం అంటే ఆ రోజుల్లో నమ్మేవారు తక్కువ. ఆయన మాత్రం నేరుగా గోదావరి మీదికి రాలేదు. ముందు తంజావూరు వైపు కొల్లిడం నది మీద 1836లో కట్టి చూశాడు. అంతులేని ఇసుకలో పునాది నిలబెట్టడం అక్కడి పాత కల్లణై ఆనకట్ట కట్టిన మనవాళ్ల దగ్గర నేర్చుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. మన హైదరాబాద్ రాకెట్ కంపెనీ స్కైరూట్ పిల్లలు కూడా 2018లో కంపెనీ పెట్టేనాటికి దేశంలో ప్రైవేటు వాళ్లు రాకెట్ వదలడానికి దారే తెరవలేదు, ఆ దారి 2020లో తెరుచుకుంది, 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ వదిలారు. అది కూడా కక్ష్యలోకి వెళ్లేది కాదు, పైకి వెళ్లి దిగేది. చిన్నదే ముందు చేశారు. మొగల్తూరు ఆయన మాట విను, నాన్న చెరువులో ఒక మూల పెట్టుకో, సైరన్ ఒక్కటే పెట్టు.

ఉండి_కుర్రాడు:

అందరికీ చాలా థాంక్సండి. రాత్రి అమ్మానాన్నల ముందు కూర్చుని లెక్క మొత్తం చెప్పాను, ఏదీ దాచలేదు. ఈ ఒక్క కల్చర్ (రొయ్యల పంట), మా చెరువు మాత్రమే, నలభై వేలు దాటకుండా. నాన్న వెంటనే ఏమీ అనలేదు, పొద్దున్న మాత్రం పాత ట్రాక్టర్ బ్యాటరీ షెడ్డులో ఉంది సైరన్‌కు పనికొస్తుందేమో చూడమన్నారు. కాపలా కూడా ఎప్పటిలాగే ఉంటుంది.

ల్యాబ్ మేడమ్ గారూ, మీరు చెప్పింది నిజమే, రెండో దాంట్లో పెట్టింది పొర ఉన్న సెన్సరే. ఉప్పు లెక్క కూడా కలపలేదు. రేపు తెల్లవారుజామున మూడింటికి మొదటి సీసా పడతాను. భీమవరం వచ్చేసరికి గంట పడుతుంది, ఈలోగా ఆక్సిజన్ మారిపోదా?

భీమవరం_నీళ్ల_ల్యాబ్:

మారిపోతుంది, అందుకే గట్టు మీదే రసాయనాలు కలిపి మారకుండా ఆపేయాలి. ఈ సాయంత్రం వచ్చి మూత బిగుతుగా ఉండే సీసాలు, మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ తీసుకెళ్లండి. సీసాను నీళ్లలో ముంచి గాలి బుడగ లేకుండా నింపి, రెండూ కలిపి, మూత పెట్టి తలకిందులు చేసి ఊపండి. గోధుమరంగు మడ్డి దిగుతుంది, తెల్లగా దిగితే ఆక్సిజన్ లేనట్టే, ముందు ఏరేటర్ వెయ్యండి, సీసా సంగతి తర్వాత. ఎండ తగలకుండా గుడ్డ చుట్టి తీసుకురండి, అయిదున్నరకల్లా ల్యాబ్ తెరిచి ఉంచుతాను.