ధ్యాన్‌చంద్ పక్కన రెండో పటం ఎవరిది?

పీఈటీ మాస్టారు:
జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. మా ఆటసామాను గదిలో ధ్యాన్‌చంద్ పటం ఉంది. పక్కన ఇంకొకటి పట్టే జాగా ఉంది. ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజుకి, రెండో పటం తగిలిద్దామన్నాను. అంతే, వారం నుంచి పిల్లల మధ్య ఒకటే వాదన. మన హాకీ జట్టులో ధ్యాన్‌చంద్ తర్వాత అంతటివాళ్ళెవరు?

నా మటుకు బల్బీర్ సింగ్ సీనియర్. 1948, 1952, 1956, మూడు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణమే. 1952 హెల్సింకి ఫైనల్లో నెదర్లాండ్స్ మీద 6-1తో గెలిస్తే అందులో ఐదు గోల్స్ ఆయనవే. పురుషుల ఒలింపిక్ ఫైనల్లో ఆ లెక్కని ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. 1956 మెల్‌బోర్న్‌లో కెప్టెన్‌గా మొదటి మ్యాచ్‌లోనే వేలు విరిగినా ఫైనల్ ఆడారు. 1975లో ప్రపంచ కప్ గెలిచిన జట్టుకి మేనేజరూ ఆయనే.

పటం కట్టించడానికి బయల్దేరేవాడినే. మా ఎనిమిదో తరగతి అమ్మాయి, జట్టులో గోలీ (గోల్‌కీపర్), "సార్, గోలీల పటం ఎక్కడా పెట్టరేం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీరు చెప్పండి.

సికింద్రాబాద్ రైట్ వింగ్:
సార్, నా ఓటు ధన్‌రాజ్ పిళ్ళైకి. నాలుగు ఒలింపిక్స్, నాలుగు ప్రపంచ కప్‌లు, నాలుగు ఆసియా క్రీడలు ఆడిండు. 1980 మాస్కో తర్వాత 41 ఏళ్ళు ఒలింపిక్ పతకం లేని కాలం అది. ఆ కాలంల హాకీ చూడనీకి జనం వచ్చిన్రంటే ధన్‌రాజ్ కోసమే. 1998ల బ్యాంకాక్ ఆసియా క్రీడల స్వర్ణం ఆయన కెప్టెన్సీలనే వచ్చింది. ఆ జట్టుల మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ కూడ ఉండె. మూడు ఒలింపిక్స్ ఆడిన మనిషి. మన పిల్లలల్ల ఎంతమందికి ఆయన పేరు తెలుసు సార్? రెండో పటం ఎవరిదైనా గానీ, కింద ముకేశన్న గురించి నాలుగు లైన్లు రాసి పెట్టుండ్రి.

పాత గోలీ:
మాస్టారూ, మీ అమ్మాయికి నేను జవాబిస్తాను. శంకర్ లక్ష్మణ్ పటం పెట్టండి.

1956 మెల్‌బోర్న్, 1960 రోమ్, 1964 టోక్యో. మూడు ఒలింపిక్ ఫైనల్స్, మూడూ పాకిస్థాన్ మీదే, మూడింట్లోనూ మన గోల్ ముందు నిలబడ్డది ఆయనే. 210 నిమిషాల ఆటలో లోపలికి వెళ్ళిన బంతి ఒక్కటి! అది రోమ్‌లో. ఆ ఒక్క గోల్‌తో 1928 నుంచి వరసగా గెలుస్తూ వచ్చిన స్వర్ణం పోయింది. మిగతా రెండు ఫైనల్స్ మనం 1-0తో గెలిచాం. కొట్టిన ఆ ఒక్క గోల్ నిలబడిందంటే వెనకాల ఎవరున్నారో చూడాలి కదా. మెల్‌బోర్న్‌లో అయితే టోర్నీ మొత్తానికి మన జట్టు 38 గోల్స్ కొట్టి ఒక్కటీ ఇవ్వలేదు.

ఇప్పటి గోలీని చూసి అప్పటిది ఊహించకండి. హెల్మెట్ లేదు, ముఖానికి ఏ అడ్డూ లేదు. పెనాల్టీ కార్నర్‌లో, అంటే గోల్ దగ్గర తప్పు చేస్తే ఎదుటి జట్టుకి గోల్ లైన్ నుంచి ఇచ్చే హిట్‌లో, బంతిని చేత్తో ఆపి కొట్టనిచ్చేవాళ్ళు, కాబట్టి దెబ్బ తిన్నగా, గట్టిగా వచ్చేది. నేను డెబ్భైల్లో కాలేజీకి అలాగే కీపింగ్ చేశాను. ఒకసారి బంతి కనుబొమ్మ మీద తగిలి ఐదు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత నెల రోజులు, ఎవరైనా స్టిక్ ఎత్తితే చాలు, కళ్ళు మూతపడేవి. గోలీకి అంతకన్నా చావు లేదు. టోక్యోలో ఆధిక్యం ఒక్క గోల్, ఎదురుగా పాకిస్థాన్ కార్నర్లు. అప్పుడు కళ్ళు తెరుచుకుని నిలబడ్డ మనిషి ఆయన.

1966 ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా పాకిస్థాన్ మీదే గెలిచి స్వర్ణం తెచ్చారు. సైన్యంలో పనిచేసి, సొంతూరు, మధ్యప్రదేశ్‌లోని మౌకి వెళ్ళిపోయి, 2006లో అక్కడే పోయారు. కాలికి గ్యాంగ్రీన్ వచ్చింది. ఏ కాళ్ళతో బంతులు తన్ని జట్టుని కాపాడారో ఆ కాలికే. అది చదివిన రోజు నాకు అన్నం దిగలేదు.

కొచ్చి నుంచి తెలుగువాడు:
గోలీ అంటే మా శ్రీజేశ్ ఉన్నాడు కదండీ. 2021లో టోక్యోలో కాంస్యం కోసం ఆడినప్పుడు జర్మనీ మీద 5-4, ఆఖరి క్షణాల్లో పెనాల్టీ కార్నర్ ఆపాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మన డిఫెండర్ రోహిదాస్‌కి రెడ్ కార్డు పడితే పదిమందితోనే నెట్టుకొచ్చి, షూటౌట్‌లో బ్రిటన్‌ని ఓడించాం. పిల్లలు కళ్ళారా చూసినవాడు కూడా.

పాత గోలీ:
శ్రీజేశ్ అంటే నాకూ ప్రాణమే. కానీ ఆయన ఆట పిల్లల ఫోన్లలోనే ఉంది బాబూ. లక్ష్మణ్‌ని వాళ్ళకి మనం చెప్తే తప్ప తెలియదు.

పీఈటీ మాస్టారు:
బల్బీర్ విషయంలో నా మాట మారలేదు. ఆట లెక్కన రెండో స్థానం ఆయనదే. కానీ గోడ మీద మాత్రం ఈ ఏడు లక్ష్మణ్ గారే. నిన్న సాయంత్రం ఆ అమ్మాయికి ఈ మాటలన్నీ చదివి వినిపించాను. "హెల్మెట్ లేకుండానా సార్?" అని రెండుసార్లు అడిగింది. ముకేశ్ కుమార్ గురించి నాలుగు లైన్లు తనే రాస్తానంది. లక్ష్మణ్ గారి ఫొటో పెద్దది ఎవరి దగ్గరైనా ఉందా? ఫ్రేము పన్నెండు అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల ఎత్తు.

పాత గోలీ:
పాత పత్రికలోంచి కత్తిరించి దాచుకున్నదొకటుంది, కాస్త పసుపెక్కింది. స్కాన్ చేయించి ఆదివారంలోగా పంపిస్తాను. అమ్మాయి కాలి ప్యాడ్ల సైజు కూడా చెప్పండి.