రీలోడింగ్ సామాను, తుపాకీ విడిభాగాలు: షూటర్లను సొంతంగా విదేశాల నుంచి తెప్పించుకోనివ్వాలా?

గురి_32:
నేను 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్టల్ ఆడతాను. పాయింట్ 32 బోరు, లైసెన్సు ఉంది. ఈ ఈవెంట్ ఆడే చాలా దేశాల షూటర్లు కాల్చిన ఇత్తడి కేసునే, అంటే తూటా తొడుగునే, మళ్లీ నింపుకుంటారు. దీన్నే రీలోడింగ్ అంటారు. కొత్త ప్రైమర్ (పిన్ను తగలగానే మందును అంటించే చిన్న మూత), తూచిన తుపాకీ మందు, కొత్త బుల్లెట్. ఖర్చు తగ్గుతుంది, తూటాకీ తూటాకీ తేడా రాదు. మనం మాత్రం తూటా నింపే ప్రెస్, డై లాంటి పనిముట్లు, చివరికి ఖాళీ కేసులు తెప్పించాలన్నా ఆయుధాల చట్టమే అడ్డం. మందు మీద ఆంక్షలు పెట్టండి, కాదనను. ఖాళీ ఇత్తడి కేసు ఎవరిని చంపుతుంది? నమ్మకం లేనప్పుడు నాకు లైసెన్సు ఎందుకిచ్చారు?

పాత_ఖాకీ:
పోలీసు శాఖలో చేసి రిటైరయ్యాను. మీరు కోపగించుకోకుండా 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2 చదవండి. తూటా భాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా తూటాల లెక్కలోకే వస్తాయి. తుపాకీ భాగాలకూ అదే వరస. సెక్షన్ 10 కింద లైసెన్సు లేకుండా ఇవేవీ దేశంలోకి తేకూడదు. ఎందుకలా పెట్టారో కూడా చెబుతాను. దొంగ తుపాకీ చేసేవాడికి గొట్టం దొరకడం కష్టం కాదు, బీహార్‌లోని ముంగేర్‌లో దశాబ్దాలుగా చేస్తూనే ఉన్నారు. వాడికి దొరకనిది నాణ్యమైన తూటా. తూటా మళ్లీ నింపే సామాను బజార్లోకి వదిలితే ఆ ఒక్క ఇబ్బందీ తీర్చినట్టే.

గురి_32:
సర్, నేను అడిగింది ఖాళీ కేసు గురించి. దానికి జవాబు చెప్పలేదు.

పాత_ఖాకీ:
చెప్పాను. అది తూటా భాగం.

దుబాయ్_బావ:
మీకింత గొడవెందుకన్నా? నేనొచ్చేటప్పుడు సూట్‌కేసులో రెండు డబ్బాల ప్రైమర్లు వేసుకొస్తే సరిపోదా?

ట్రాప్_12:
తమ్ముడూ, ఆ పని చెయ్యకు. ప్రైమర్లు, మందు విమానంలో ప్రయాణికుల లగేజీలో ఏ రూపంలోనూ వెళ్లవు. ఎయిర్‌లైన్స్ ఒప్పుకునేది పెట్టెలో సర్దిన తయారైన తూటాలను, అదీ ముందుగా అనుమతి తీసుకుంటే, మనిషికి 5 కేజీల వరకు. దిగాక ఇక్కడి కాగితాలు లేకపోతే నేరుగా కేసే. మందు, ప్రైమర్ల మీద 1884 పేలుడు పదార్థాల చట్టం కూడా ఉంది, ఆయుధాల లైసెన్సు ఒక్కటే చాలదు.

ఇక గురి_32 గారికి. రీలోడింగ్ మనలో ఎందరికి పనికొస్తుంది? రేంజిల్లో ఎక్కువమంది ఆడేది ఎయిర్ గన్, లేదా పాయింట్ 22. పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటాకి విడి ప్రైమర్ ఉండదు. పేలే రసాయనం కేసు అంచులోనే ఉంటుంది. పిన్ను తగిలి అంచు నొక్కుకుపోయాక ఆ కేసు మళ్లీ పనికిరాదు. మిగిలింది మీ పాయింట్ 32, 300 మీటర్ల రైఫిల్, మా 12 బోరు. ట్రాప్‌లో, అంటే గాల్లోకి విసిరే పళ్లేలను కాల్చే మా పోటీలో, క్వాలిఫికేషన్‌కే 125 టార్గెట్లు, ఒక్కోదానికి రెండు షాట్ల వరకు. ప్రాక్టీసుకి ఎన్ని పెట్టెలు ఖాళీ అవుతాయో మా ఇంట్లోవాళ్లకు తెలుసు. అయినా నేను ఇంట్లో తూటాలు నింపను. పొరపాటున మందు రెండుసార్లు పడితే బ్యారెల్ చీలుతుంది, చెయ్యి పోతుంది. ఫ్యాక్టరీలో ప్రతి లాట్‌కీ, అంటే ఒకే విడతలో చేసిన సరుకుకి, పీడనం పరీక్ష చేస్తారు. మన వంటగదిలో ఎవరు చేస్తారు?

మనకు కావాల్సింది మంచి లాట్. ఎలీ, లాపువా లాంటి తూటాల కంపెనీలకు సొంత టెస్ట్ రేంజిలున్నాయి, షూటర్ రైఫిల్‌ని అక్కడ బిగించి ఏ లాట్ దానికి నప్పుతుందో చూస్తారు. ఇక్కడ జాతీయ రైఫిల్ సంఘం దిగుమతి చేసిన సరుకులో చేతికి ఏ లాట్ వస్తే దానితోనే ఆడాలి. పోరాడితే దీని మీద పోరాడండి.

గురి_32:
మీకు 12 బోరు ఉంది, పాయింట్ 22 గురించి మాట్లాడుతున్నారు. నా పాయింట్ 32 గతేమిటి? మీరు నింపనంత మాత్రాన నేను నింపకూడదా?

ఎయిర్_అమ్మ:
మీ తూటాల సంగతి నాకు తెలియదు, విడిభాగాల బాధ తెలుసు. మా అమ్మాయి ఎయిర్ పిస్టల్ ఆడుతుంది. చిన్న చెయ్యి. కంపెనీ గ్రిప్ పట్టదు, మణికట్టు వంగిపోతోందని కోచ్ చెప్తే విదేశాల నుంచి చిన్న సైజు చెక్క గ్రిప్ తెప్పించాం. పార్సిల్ ఆపేశారు, ఆయుధ భాగం అన్నారు. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్లలోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు 2016 నిబంధనల ప్రకారం లైసెన్సే అక్కర్లేదు. దాని చెక్కపిడికి ఉత్తరాలు, అఫిడవిట్లు, మళ్లీ ఉత్తరాలు. స్టేట్ మీట్ అయిపోయాక గ్రిప్ వచ్చింది. పిల్ల ఆ మీట్లో ఎలా ఆడిందో చెప్పను, చెప్తే నాకే ఏడుపొస్తుంది.

పాత_ఖాకీ:
అమ్మా, మీకు జరిగింది అన్యాయమే. గ్రిప్‌కీ బ్యారెల్‌కీ తేడా తెలియని సిబ్బంది ఉండటం చట్టం తప్పు కాదు.

గురి_32:
అదే నేనూ అంటున్నది! ఐక్యరాజ్యసమితి 2001 తుపాకుల ప్రోటోకాల్‌లో భాగాలంటూ పేరుపెట్టి చెప్పినవి బ్యారెల్, ఫ్రేమ్ లేదా రిసీవర్, స్లైడ్ లేదా సిలిండర్, బోల్ట్ లేదా బ్రీచ్ బ్లాక్, సైలెన్సర్. గ్రిప్ లేదు, ట్రిగ్గర్ లేదు, స్టాక్ లేదు. మనమూ అలా జాబితా రాసుకుంటే ఈ గొడవ ఉండదు.

పాత_ఖాకీ:
పూర్తిగా చదవండి. తుపాకీ పనిచేయడానికి తప్పనిసరైనవన్నీ అని అందులోనే ఉంది, మీరు చెప్పినవి ఉదాహరణలు. ట్రిగ్గర్ లేకుండా మీ పిస్టల్ పేలుతుందా? ఇంకో మాట, అదే ప్రోటోకాల్ తూటాల లెక్కలో కేసులను, ప్రైమర్లను, మందును, బుల్లెట్లను కూడా చేర్చింది, ఆ దేశంలో వాటికి అనుమతి అవసరమైతే. మన దేశంలో అవసరమే. మీ ఖాళీ కేసు అక్కడా తూటాయే.

గురి_32:
యూనిఫాం విప్పినా బుద్ధి మారదు మీకు. లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే మమ్మల్ని నేరస్థుల్లా నిలబెట్టిన మనుషులే ఇక్కడా ఉపన్యాసాలు. క్రీడాకారుణ్ని అనుమానించడం తప్ప మీ శాఖ ఈ ఆటకు ఏం చేసింది?

మన్యం_నుంచి:
అన్నా, కొంచెం ఆగు. మా పెద్దనాన్న కొడుకు అడవి పంది వేటకెళ్లి నాటు తుపాకీ దెబ్బకి పోయాడు. కాల్చినోడు పక్క ఊరివాడే, చీకట్లో పంది అనుకున్నాడు. ఆ మందు ఎక్కడి నుంచి వచ్చిందో ఈరోజు వరకు ఎవరూ తేల్చలేదు. నువ్వు పతకం కోసం అడుగుతున్నావు, నిన్ను తప్పు పట్టట్లేదు. ఇలాంటి సామాను ఎక్కువైతే చివరికి ఏ ఊరికి చేరుతుందో ఆలోచించు.

గురి_32:
మీ అన్న పోవడం చాలా బాధాకరం. అది లైసెన్సున్న షూటర్ చేతిలోంచి వెళ్లిన మందు కాదు కదా తమ్ముడూ.

పాత_ఖాకీ:
కాదని మీకెలా తెలుసు? ఇక అసలు మాటే చెప్తాను. నాకు మీ ఇత్తడి కేసుతో పేచీ లేదు. ఇళ్లలో నిల్వలంటేనే నాకు భయం. లైసెన్సుల తనిఖీకి నేను స్వయంగా తిరిగాను. పుస్తకంలో ఎన్ని తూటాలు కొన్నారో ఉంటుంది, ఎన్ని కాల్చారో ఉండదు. మిగిలినవి చూపించమంటే పెద్దమనుషులు ఎవరికో ఫోన్ కొట్టేవాళ్లు. 2019 సవరణతో సామాన్యుడి లైసెన్సుపై ఆయుధాలు మూడు నుంచి రెండుకి తగ్గించారు. 2020 ఫిబ్రవరిలో రినౌన్డ్ షూటర్లకు 12 వరకు పెంచారు, తూటాల పరిమితీ పెంచారు. ఆ నిల్వను లెక్కపెట్టేది ఎవరు? కొన్న తూటాకి కనీసం బిల్లుంటుంది. ఇంట్లో నింపిన తూటాకి అదీ ఉండదు.

గురి_32:
సరే, నేనూ అసలు మాటే చెప్తాను. ఆ రినౌన్డ్ హోదా రావాలంటే జాతీయ పోటీల్లో సంఘం పెట్టిన స్కోరు కొట్టాలి. ఆ స్కోరు రావాలంటే మంచి తూటా కావాలి. మంచి తూటా దిగుమతి చేసుకునే సౌకర్యం హోదా ఉన్నవాడికే. మధ్యలో మాలాంటివాళ్లకు క్లబ్బే దిక్కు. మా క్లబ్బులో దిగుమతి పెట్టెలు వస్తాయి, కానీ ఎవరికి వెళ్తాయో కార్యదర్శి ఇష్టం. ఆయన పిల్లలకు ముందు, ఆయన స్నేహితుల పిల్లలకు తర్వాత. స్టాకు ఎంతని అడిగితే వచ్చే నెల రమ్మంటారు. రెండు సీజన్లు అడుక్కున్నాను. అందుకే ప్రెస్ కావాలంటున్నాను. నా తూటా కోసం ఇంకొకరి గుమ్మం ముందు నిలబడలేను.

ట్రాప్_12:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది.

ఎయిర్_అమ్మ:
మా క్లబ్బులోనూ ఇదే తంతు. దిగుమతి సరుకు వచ్చిన రోజే ఎన్ని పెట్టెలు, ఏ లాట్, ఎవరికి ఎన్ని ఇచ్చారో రేంజి గోడ మీద పెట్టమందాం. ఆటగాళ్లందరం కలిసి అర్జీ ఇద్దాం.

పాత_ఖాకీ:
అందులో ఇంకో కాలమ్ చేర్చండి, కాల్చినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అని. అప్పుడు ఆ అర్జీకి నా సంతకం ఉంటుంది. ఎవరికివ్వాలో, ఏ ఫార్మాట్‌లో రాయాలో కూడా చెప్తాను.

గురి_32:
కాలమ్ చేరుస్తాను. ఆటగాళ్లను రీలోడింగ్ సామాను తెప్పించుకోనివ్వాలన్న డిమాండూ ఉంటుంది.

పాత_ఖాకీ:
అది ఉంటే నా సంతకం ఉండదు.

గురి_32:
ఉండకపోయినా తీయను. డ్రాఫ్టు రేపు రాత్రికి ఇక్కడే పెడతాను. గ్రిప్ సంగతి మొదటి పేరాలో రాస్తాను మేడం, మీ పార్సిల్ కాగితాల నకళ్లు పంపండి.