అప్‌డేట్: గ్రోమాక్స్ రన్ మధ్యలో ఆగిపోయే సమస్య తీరింది

గ్రోమాక్స్‌లో (అణువుల కదలికలను లెక్కించే సాఫ్ట్‌వేర్) నడుపుతున్న, ప్రొటీన్‌లో మందు అణువు నిలుస్తుందో లేదో చూసే సిమ్యులేషన్ మా క్లస్టర్‌లో (కలిసి పనిచేసే కంప్యూటర్ల సమూహం) ఒక్కో జాబ్‌కు ఉన్న 24 గంటల గడువు కాగానే ఆగిపోతోంది, మళ్లీ మొదటి నుంచి నడపాలా అని అడిగాను కదా. అక్కర్లేదండీ! గ్రోమాక్స్ మామూలుగానే ప్రతి 15 నిమిషాలకు చెక్‌పాయింట్ ఫైలు (అప్పటి స్థితిని దాచి ఉంచేది) రాస్తుంది. సిమ్యులేషన్‌ను నడిపే కమాండ్ ఎండీరన్‌కు సీపీఐ (-cpi) ఆప్షన్‌తో ఆ ఫైలు ఇస్తే ఆగిన చోటి నుంచే సాగుతుంది, కొత్త డేటా పాత ఫైళ్ల చివర చేరుతుంది. అయితే ఆ పాత ఫైళ్ల పేర్లు మార్చకూడదు.

మీరు చెప్పిన సలహాల్లో నాకు బాగా పనికొచ్చింది మ్యాక్స్‌హెచ్ (-maxh), అంటే రన్ ఎన్ని గంటలకు మించకూడదో చెప్పే ఆప్షన్. 23.5 అని పెడితే అంతకు కాస్త ముందే చెక్‌పాయింట్ రాసుకుని పద్ధతిగా ఆగుతుంది. తర్వాతి జాబ్‌ను స్లర్మ్ (క్లస్టర్‌లో జాబ్‌లను నడిపించే సాఫ్ట్‌వేర్) డిపెండెన్సీతో, అంటే ముందుది అయ్యాకే మొదలయ్యేలా, వరుసలో పెట్టాను. రాత్రిళ్లు టెన్షన్ తగ్గింది. అందరికీ చాలా థాంక్స్.