24 టన్నుల ఇనుప పడవకు ఎంత లోతు నీళ్లు కావాలి?

ప్రశ్న (తెడ్డు):
అడుగు చదునుగా ఉన్న ఇనుప పడవ. పొడవు 12 మీటర్లు, వెడల్పు 4. ఖాళీగా 9 టన్నులు, పైన 15 టన్నుల సరుకు. దారిలో ఒకచోట లోతు 90 సెంటీమీటర్లే. అడుగు తగలకుండా పోతుందా? లోతు తక్కువ చోట వేగం పెంచితే పడవ ఇంకా దిగుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు (లంగరు):
పడవ తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టేదాకా మునిగి అక్కడ ఆగుతుంది. ఇనుమైనా కర్రైనా లెక్క ఒకటే. మంచినీళ్లు ఘనపు మీటరుకు ఒక టన్ను కాబట్టి మీకు 24 ఘనపు మీటర్లు కావాలి. దాన్ని 12×4తో, అంటే 48తో భాగిస్తే అర మీటరు. కానీ అది పడవ అచ్చం డబ్బాలా ఉంటే వచ్చే లెక్క. పడవ ముందూ వెనకా ఏటవాలుగా కోసి ఉంటుంది. అందులో పదో వంతు పోయిందనుకుంటే డ్రాఫ్ట్ (పడవ నీటిలో మునిగే లోతు) 56 సెంటీమీటర్లు. ఉప్పునీటిలో (ఘనపు మీటరుకు 1.025 టన్నులు) ఒకటి రెండు సెంటీమీటర్లు తేలుతుంది, అంతే.

కాగితం మీద 34 సెంటీమీటర్లు మిగిలాయి. దాన్ని తినేసేవి చాలా ఉన్నాయి. సరుకు వెనక్కి ఎక్కువ పడితే ముందు 51, వెనక 61 కావచ్చు. ప్రొపెల్లరో చుక్కానో అడుగుకన్నా కిందికి ఉంటే అసలు డ్రాఫ్ట్ అక్కడినుంచే కొలవాలి. అడుగున 5 సెంటీమీటర్ల వాననీళ్లు నిలిచాయా, దాదాపు 2.4 టన్నులు, పడవ మరో 5 సెంటీమీటర్లు దిగినట్టే. పైగా ఆ నీళ్లు ఒరిగిన వైపుకే పరుగెడతాయి. 4 మీటర్ల వెడల్పు పడవ 3 డిగ్రీలు ఒరిగితే ఒక అంచు 10 సెంటీమీటర్లు కిందికి పోతుంది.

జవాబు (చుక్కాని):
వేగం సంగతి నిజమే. అడుగుకూ నేలకూ మధ్య సందు ఇరుకైతే నీళ్లు అక్కడ వేగంగా పారాలి, ఒత్తిడి తగ్గుతుంది, పడవ కిందికి దిగుతుంది. దీన్నే స్క్వాట్ అంటారు. పెద్ద ఓడలకు స్థూలంగా ఒక లెక్క ఉంది: ఓడ మునిగిన భాగం దాన్ని చుట్టే డబ్బాలో ఎంత వంతు నింపుతుందో చెప్పే అంకె, అంటే బ్లాక్ కోఎఫిషియెంట్‌ను వేగం (నాట్లలో; ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) వర్గంతో గుణించి 100తో భాగిస్తే మీటర్లలో వస్తుంది, ఇరుకు కాలువలో దానికి రెట్టింపు. ఆ అంకె 0.8 ఉన్న ఓడ 10 నాట్లలో 80 సెంటీమీటర్లు దిగుతుంది, 5 నాట్లలో 20 మాత్రమే. చిన్న పడవకు ఈ అంకెలు అచ్చంగా వర్తించవు గానీ వేగం సగం చేస్తే దిగడం నాలుగో వంతవుతుందన్నది పనికొస్తుంది.

గుర్తుపట్టడం సులువు: వెనక అల పెద్దదవుతుంది, ఇంజిన్ అంతే తిరుగుతున్నా పడవ నడవదు, చుక్కాని మాట వినదు. అప్పుడు మెల్లగా తగ్గించాలి. ఒక్కసారి ఆపేస్తే వెనకున్న అల వచ్చి పడవను ముందుకు తోస్తుంది. బురద లేచే చోట ఇంజిన్ని చల్లబరిచే నీళ్ల ఫిల్టరు చూస్తూ ఉండండి, అది మూసుకుంటే ఇంజిన్ వేడెక్కి మధ్యలోనే ఆగుతుంది.

ప్రశ్న (తెడ్డు):
అయితే కొంత సరుకు దించాలా?

జవాబు (లంగరు):
ముందు నిండు సరుకుతో నాలుగు మూలలా నీటి గీతనుంచి అడుగుదాకా కొలవండి. వెనక 70 దాటితే 3 టన్నులు దించండి లేదా ముందుకు జరపండి. దించితే పడవ 6 సెంటీమీటర్లకు పైనే తేలుతుంది. ఆ 90 కూడా నీటిమట్టం బాగా తగ్గినప్పటి కొలతేనా అని చూసుకోండి.