రొయ్యల మేత కంపెనీ షేరు చవకగా కనిపిస్తోంది: పరిశ్రమను ముందు చూడాలా, కంపెనీని ముందు చూడాలా?

ప్రశ్న (తాడేపల్లిగూడెం నుంచి ఒక అధ్యాపకుడు):

అయిదారేళ్లపాటు ముట్టుకోనవసరం లేని కొంత పొదుపు సొమ్మును నేరుగా షేర్లలో పెట్టాలని అనుకుంటున్నాను. మా చుట్టుపక్కల ఎటు చూసినా చెరువులే కనుక, కొంతైనా తెలిసిన రంగమని, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ఒక రొయ్యల మేత కంపెనీ వార్షిక నివేదికలను చదివాను. అప్పు దాదాపు లేదు, అమ్మకాలు పెరుగుతున్నాయి, లాభం మాత్రం ఒక ఏడాది బాగా పెరిగి మరుసటి ఏడాది అంతే వేగంగా తగ్గుతోంది. తాజా లాభం ప్రకారం పీఈ నిష్పత్తి (షేరు ధర, ఒక్కో షేరుకు ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 10 దగ్గర ఉంది. దీన్ని చవక అనవచ్చా? ఇటువంటి కంపెనీని ఏ వరుసలో పరిశీలించాలో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (హైదరాబాద్, షేర్ల పరిశోధన రంగంలో పనిచేస్తున్న వ్యక్తి):

ఈ రంగంలో పరిశ్రమనే ముందు చూడాలి. చెరువుల్లో ఎంత రొయ్యపిల్ల పడుతుంది, సోయాపిండి, చేపపొడి ఎంతకు దొరుకుతాయి, రొయ్యకు విదేశాల్లో ఎంత ధర పలుకుతుంది అనే మూడు విషయాలే మేత కంపెనీ లాభాన్ని ప్రధానంగా నిర్ణయిస్తాయి. ఆ మూడింటిలో ఒక్కటీ యాజమాన్యం చేతిలో లేదు.

1990ల మధ్యలో తెల్లమచ్చల వ్యాధి టైగర్ రొయ్య సాగును కుదేలు చేసింది. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకం సాగుకు అనుమతి రావడంతో కథ మారింది. ఎకరానికి దిగుబడి పెరిగింది, దానితోపాటే మేత గిరాకీ పెరిగింది. ఆ తరువాతి సంవత్సరాల్లో మేత కంపెనీలు సాధించిన వృద్ధిలో చాలా భాగం ఈ ఒక్క మార్పు వల్ల వచ్చింది. అటువంటి మార్పు మళ్లీ వస్తుందన్న హామీ లేదు కనుక, ఆనాటి వృద్ధి రేటును రాబోయే సంవత్సరాలకు పొడిగించి లెక్క వేయడం సరికాదు.

ముడిసరుకు సంగతికి 2021 మంచి ఉదాహరణ. ఆ ఏడాది సోయా ధర ఎంతగా పెరిగిందంటే, ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయాపిండి దిగుమతికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది. ఖర్చు పెరిగిన వెంటనే మేత ధర పెంచడం కంపెనీలకు సాధ్యం కాదు. ఇక్కడ మేత ధర రైతు సంఘాలు, ప్రభుత్వం కూడా పట్టించుకునే విషయం. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన వెలువడ్డాక కంపెనీలు మేత ధర తగ్గించవలసి రావడం మీరు దగ్గరి నుంచే చూసి ఉంటారు. ఖర్చు పెరిగినప్పుడు ధరను ఎంత ఆలస్యంగా, ఎంత మేరకు పెంచగలిగారన్నది పాత త్రైమాసిక ఫలితాలను వరుసగా పెట్టి చూస్తే తెలుస్తుంది. కంపెనీ అసలు బలం నాకు అక్కడే కనిపిస్తుంది.

గిరాకీ చివరి కొస అమెరికాలో ఉంది. 2023-24లో దేశం నుంచి సుమారు 60,500 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి కాగా, అందులో దాదాపు 40,000 కోట్లు శీతలీకరించిన రొయ్యలే. వాటిని అందరికంటే ఎక్కువగా కొన్నది అమెరికా. 2025 ఆగస్టు చివరికి అక్కడ మన సరుకుపై అదనపు సుంకం 50 శాతానికి చేరింది, పోటీదారు ఈక్వడార్‌పై అది అప్పట్లో 15 శాతమే.

ఇక పీఈ విషయం. ఎత్తుపల్లాలున్న పరిశ్రమలో లాభం శిఖరాన ఉన్నప్పుడే పీఈ తక్కువగా కనిపిస్తుంది. షేరు ధర 500 రూపాయలు, ఈ ఏడాది షేరుకు లాభం 50 రూపాయలు అనుకుందాం; పీఈ 10. ఏడెనిమిదేళ్ల సగటు లాభ శాతాన్ని ఇప్పటి అమ్మకాలకు వర్తింపజేస్తే షేరుకు లాభం 25 రూపాయలే అని తేలిందనుకోండి, మీరు నిజంగా చెల్లిస్తున్నది 20 రెట్లు. ఈ రెండో లెక్క వేయకుండా ఈ రంగంలో చవక అన్న మాట వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

సమాధానం 2 (భీమవరం దగ్గర రొయ్యల రైతు):

పై సమాధానంతో ఏకీభవిస్తూ, చెరువు గట్టు మీది నుంచి ఒక విషయం చేర్చదలచాను. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది, దాన్ని మాలో చాలామంది డీలరు దగ్గర అరువుకు తెచ్చుకుని, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక తీరుస్తాము. కంపెనీ పుస్తకాల్లో బాకీలు తక్కువగా కనిపించినా, ఆ భారం డీలరు మీదా రైతు మీదా ఉందని గుర్తుంచుకోవాలి.

కిలో రొయ్యకు మామూలుగా 1.2 నుంచి 1.6 కిలోల మేత పడుతుంది. ఈహెచ్‌పీ (ఎదుగుదలను ఆపే పరాన్నజీవి వ్యాధి) సోకిన చెరువులో రొయ్య మేత తింటూనే ఉంటుంది కానీ ఎదగదు, కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రాదు. అందువల్ల ఆ పంటలో మేత అమ్మకాలు వెంటనే పడిపోవు. నష్టపోయిన రైతు తరువాతి పంటకు పిల్లను పలచగా వేస్తాడు, లేదా చెరువు ఎండగట్టుకుంటాడు, కొందరు చేపలకు మారిపోతారు. మేత అమ్మకాల అంకె ఎప్పుడూ ఆలస్యంగానే నిజం చెబుతుంది. హేచరీల్లో (రొయ్యపిల్లను ఉత్పత్తి చేసే కేంద్రాల్లో) పిల్లకు గిరాకీ ఎలా ఉందో, 100 కౌంటు ధర ఎంత ఉందో వారం వారం తెలుసుకునే వీలు మీకు ఉంది. ముంబయిలో కూర్చున్నవారికి అంత సులువుగా దొరకని సమాచారం అది. మంచి ఎదుగుదల ఇచ్చిన బ్రాండును రైతు తేలికగా వదలడు కనుక, డీలర్లకు ఎవరు ఎక్కువ డిస్కౌంటు ఇవ్వవలసి వస్తోందో కూడా విచారించండి.

సమాధానం 3 (చార్టర్డ్ అకౌంటెంట్, విజయవాడ):

పద్దుల పరీక్ష లేకుండా ఈ విశ్లేషణ పూర్తి కాదు. 2021-22 నుంచి రావలసిన బాకీలు ఎన్నాళ్లుగా ఉన్నాయో చూపే పట్టికను కంపెనీలు తప్పనిసరిగా ఇస్తున్నాయి. ఆరు నెలలు దాటినవి పెరుగుతుంటే కారణం వెతకండి. అప్పు లేకుండా నగదు పెద్ద మొత్తంలో ఉందని చూపే కంపెనీలో, ఆ నగదుపై వచ్చిన వడ్డీ ఆ మొత్తానికి సరిపోతోందో లేదో తప్పక లెక్కించండి. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ చైర్మన్ స్వయంగా ఒప్పుకున్నదాని ప్రకారం, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. పద్దుల్లో అంకె ఉన్నంత మాత్రాన డబ్బు ఉన్నట్లు కాదని మన హైదరాబాద్ కంపెనీయే నిరూపించింది. అనుబంధ సంస్థలతో లావాదేవీలు, ప్రమోటర్ల షేర్ల తాకట్టు, అయిదేళ్ల మొత్తం లాభంతో పోల్చినప్పుడు వ్యాపారం నుంచి వచ్చిన నగదు కూడా చూడాలి.

ప్రశ్న అడిగిన అధ్యాపకుడు:

అందరికీ కృతజ్ఞతలు. నేను చూస్తున్న కంపెనీకి ఎగుమతుల ప్రాసెసింగ్ విభాగం కూడా ఉంది. అది మేత వ్యాపారంలోని ఒడిదుడుకులకు రక్షణ అవుతుందా?

సమాధానం 1 ఇచ్చిన వ్యక్తి:

కొంతవరకే అవుతుంది. సోయాపిండి ధర పెరిగినప్పుడు మేత విభాగం దెబ్బతిన్నా ప్రాసెసింగ్ నిలబడవచ్చు. అమెరికా సుంకం పెరిగితే మాత్రం ప్రాసెసింగ్ ముందుగా, ఒకటి రెండు పంటల తరువాత మేత, రెండూ తగ్గుతాయి. వార్షిక నివేదికలో విభాగాల వారీ ఫలితాల పేజీ తీసి, రెండింటి లాభాన్నీ, వాటిలో పెట్టిన మూలధనాన్నీ ఏడాది వారీగా విడివిడిగా రాసుకోండి. రెండు విభాగాలూ కలిసి పడిపోయిన ఏడాదిలో కంపెనీ ఎంత సంపాదించిందో చూసి, మీరు ఇవ్వదలచిన ధరను ఆ అంకెతో ఒకసారి సరిపోల్చుకోండి.