ఉద్యోగం పోయింది, పెళ్ళి ఫొటోగ్రఫీలోకి రావచ్చా?

ప్రశ్న:
హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాడిని. మార్చిలో ఉద్యోగం పోయింది. నికాన్ డి5600 కెమెరా, 50 ఎంఎం లెన్సు ఉన్నాయి. బంధువుల పెళ్ళిళ్ళలో తీసిన ఫొటోలు అందరికీ నచ్చాయి. చేతిలో ఉన్న డబ్బుతో ఖరీదైన కెమెరా కొని దిగిపోమంటారా? ఇంటి అప్పు వాయిదాలు నడుస్తున్నాయి.

జవాబు:
కెమెరా ఇప్పుడే కొనకండి. ముందు ఒక సీజను ఎవరి దగ్గరైనా రెండో ఫొటోగ్రాఫరుగా వెళ్ళండి. బంధువుల పెళ్ళిలో ఒక ఫొటో తప్పినా అడిగేవారు ఉండరు. డబ్బు తీసుకున్నాక జీలకర్ర బెల్లం పెట్టే క్షణం పోతే ఏం చెబుతారు? సరిగ్గా అప్పుడే పురోహితుడి భుజం, వీడియో లైటు, అక్షింతలు వేసే చేతులు అన్నీ మీ లెన్సుకే అడ్డం వస్తాయి. మండపంలో నేను మొదట పలకరించేది పురోహితుడినే, పెళ్ళికొడుకుని కాదు. ఎటు కూర్చుంటారో అడిగి పెట్టుకుంటాను. ఇంకో మాట, డి5600లో ఒకే మెమరీ కార్డు పడుతుంది. పెళ్ళికి, ఒక కార్డు పాడైనా ఫొటోలు పోకుండా, రెండు కార్డుల్లో ఒకేసారి భద్రపరిచే కెమెరా కావాలి. అది అద్దెకు దొరుకుతుంది.

మరొకరి జవాబు:
ఆషాఢం, మూఢం వస్తే ముహూర్తాలు ఉండవు, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. ఆ రోజుల్లో మా స్టూడియోకి అన్నం పెట్టేవి చీరల దుకాణాల క్యాటలాగులు, పసిపిల్లల ఫొటోలు, పాస్‌పోర్టు ఫొటోలు. వాటిని చిన్నచూపు చూడకండి.

అడిగినవారు:
రెండో ఫొటోగ్రాఫరుకి డబ్బు ఇస్తారా? ఎడిటింగు కూడా వచ్చు.

మొదటి జవాబు రాసినవారు:
ఇస్తారు, రోజు లెక్కన. ఎడిటింగు వస్తే మరీ మంచిది, శ్రావణంలో ఆల్బం చేసేవారికి ఊపిరి సలపదు. డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందో మాత్రం ముందే మాట్లాడుకోండి.