రొయ్యల పఫ్ పెట్టెను క్యాంపర్ చేసి జనవరిలో లేహ్‌లో పడుకోవచ్చా?

సింగరాయకొండ:
పికప్ మీద ఎక్కించి దించుకునే క్యాంపర్, అంటే లోపల పడుకునే గదిలాంటి పెట్టె, కావాలి. జనవరిలో లద్దాఖ్‌లోని లేహ్, హిమాచల్‌లోని కాజా వైపు పోవడానికి. షెడ్డువాళ్లు ఇనప ఫ్రేములో 25 మి.మీ. థర్మాకోల్ పెడతామంటున్నారు. రొయ్యలు తోలిన పాత పఫ్ పెట్టె (గోడల్లో పాలియూరిథేన్ నురుగు నింపింది) చవకగా దొరుకుతోంది. ఏది మేలంటారు?

కావలి:
పఫ్ పెట్టే. ఎనిమిదడుగుల పొడవు, ఐదున్నర వెడల్పు, ఆరు ఎత్తు అనుకోండి, అన్ని వైపులా కలిపి 23 చదరపు మీటర్లు. బయట మైనస్ 20, లోపల 15 ఉండాలంటే 60 మి.మీ. పఫ్‌లోంచి పోయే వేడి సుమారు 320 వాట్లు. 25 మి.మీ. థర్మాకోల్‌లో 1,100 దాటుతుంది. పైగా ఇనప గొట్టాలు బయటి చలిని నేరుగా లోపలి రేకుకు మోస్తాయి. ఆ గీతల వెంబడే చెమ్మ పట్టి పరుపు తడుస్తుంది.

చీమకుర్తి:
అన్నా, ఆ లెక్క కొత్త పెట్టెకి. ఐసు నీళ్లలో ఏళ్ల తరబడి నానినదానికి కాదు. ఫైబర్ పూత చిట్లితే నీళ్లు నురుగులోకి దిగుతాయి, ఇక బయటికి రావు. కొనేముందు పెట్టె నేలలో, నీళ్లు పోయే రంధ్రం పక్కన 10 మి.మీ. డ్రిల్లు దించి చూడాలి. పొడి పొడిగా వస్తే సరే, తడిగా వస్తే ఊరికే ఇచ్చినా వద్దు.

ఇంకోటి, అసలైంది. ఆ తలుపు బయటినుంచే తెరుచుకుంటుంది, చుట్టూ రబ్బరు. ముందు లోపలినుంచి తెరిచే గడియ పెట్టించు. తర్వాత నాలుగంగుళాల గాలి రంధ్రాలు రెండు, ఎదురెదురు గోడలకి, ఒకటి కింద ఒకటి పైన. అవి లేకుండా అందులో మనిషి పడుకోకూడదు.

అల్లూరు:
గాలి వదిలితే ఇంక పఫ్ ఎందుకయ్యా? గ్యాస్ స్టవ్ సన్నగా వెలిగించి పెడితే పోయేదానికి!

కావలి:
పోయేది ప్రాణం. మంట ఆక్సిజన్ తినేసి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి వాసన ఉండదు. పైగా కిలో గ్యాస్ మండితే కిలోన్నర పైన నీటి ఆవిరి పుడుతుంది, అంతా గోడలకే. ఆ చలిలో సిలిండర్లోని రెండు గ్యాసుల్లో బ్యూటేన్ సరిగా ఆవిరి కాదు, ప్రొపేన్ ముందు అయిపోతుంది. సిలిండర్లో గ్యాస్ ఉండగానే మంట పడిపోతుంది. డీజిల్ హీటరే గతి: మండే గాలి బయటినుంచి తీసుకుంటుంది, పొగ బయటికే వదులుతుంది. 5 కిలోవాట్లది పెట్టండి, వేడికి లోటుండదు.

చీమకుర్తి:
అక్కడే ఒప్పుకోను. మీ లెక్కలోనే 320 వాట్లు, గాలి రంధ్రాల నష్టం కలిపినా వెయ్యిలోపే. 5 కిలోవాట్లది రాత్రంతా కనిష్ఠ మంట మీదే ఉంటుంది, మసి పట్టి పొద్దున అంటుకోదు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో మూడింట రెండొంతులే. డీజిల్ తగ్గించకపోతే మసి ఇంకా జాస్తి. 2 కిలోవాట్లది, ఎత్తుకు తగ్గట్టు పంపు సర్దుకునే రకం తీసుకో. రోజూ ఇరవై నిమిషాలు పెద్ద మంట మీద నడుపు. పొగ గొట్టం నేల దాటేచోట పఫ్ చుట్టూ కోసి ఇనప పలక వెయ్, లేకపోతే నురుగు మాడుతుంది. మోనాక్సైడ్ అలారం దిండు ఎత్తులో పెట్టు.

సింగరాయకొండ:
డీజిల్ గడ్డకట్టదా?

కావలి:
మైదానంలో కొట్టించింది మైనం కడుతుంది. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో చలికాలపు డీజిల్ తెచ్చింది, మైనస్ 33 దాకా పారుతుంది. హీటరు టాంకీలోనూ అదే పోయించండి. చాలామంది బండికి పోసి దీన్ని మరుస్తారు. లిథియం బ్యాటరీని సున్నా కింద చార్జ్ చేస్తే పాడవుతుంది, పెట్టెలోపలే ఉంచండి. నీళ్లు కూడా లోపలే, 20 లీటర్ల క్యాన్లలో. బయటి పైపులు, వాడిన నీళ్ల టాంకీ వద్దు, బకెట్ చాలు.

అల్లూరు:
రవాణా ఆఫీసువాళ్లు ఒప్పుతారా మరి?

చీమకుర్తి:
పెట్టెను లోడులాగా కట్టి తీసుకుపో, చాసిస్‌కు వెల్డింగ్ చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పు అవుతుంది. బండి కదిలేటప్పుడు మాత్రం లోపల ఎవరూ ఉండకూడదు.